పైరుకు కొట్టే మందు పశువుల కొట్టంలోకి రానీయకండి

మన సంఘాలలో పాలు పోసే సభ్యులలో పాడి ఒక్కటే ఆధారంగా బ్రతికేవారు తక్కువ. రెండు మూడు జెర్సీ ఆవులతోపాటు ఎకరమో రెండెకరాలో వేరుశనగ, కొంత చెరకు, బోరు కింద టమాటా, ఇంటి వెనుక నాలుగు మామిడి చెట్లు చాలామందికి ఉంటాయి. తెల్లవారుజామున పాలు పితికి సంఘంలో పోసి వచ్చిన చేతులే పది గంటలకు మందు డబ్బా ఎత్తుకుంటాయి. సాయంత్రం మళ్లీ ఆ చేతులే పొదుగు కడుగుతాయి. మందు సీసా దాణా బస్తాల వెనుక ఉంటుంది. మందు కలిపిన బక్కెట్టే కుడితికి కూడా వాడతారు. పురుగుమందుల జాగ్రత్తలు వ్యవసాయాధికారి రైతుకు చెబుతారు. మేత జాగ్రత్తలు పశువైద్యుడు పాడివారికి చెబుతారు. మన ఇళ్లలో రైతూ పాడివారూ ఒకరే కనుక ఈ రెండింటినీ కలిపి చెప్పుకోవలసిన అవసరం ఉంది. అందులోనూ ముఖ్యంగా ఆర్గానోఫాస్ఫరస్ జాతి మందుల గురించి.

ఏవి ఈ జాతి మందులు?

దుకాణంలో దొరికే మందులన్నీ ఒక తీరువి కావు. వెనుకటి డి.డి.టి., బి.హెచ్.సి. క్లోరిన్ జాతివి. అవి కొవ్వులో చేరి, పాల వెన్నలో కూడా చాలాకాలం నిలిచేవి. ఆర్గానోఫాస్ఫరస్ మందులు అలా కాదు. ఎండకు, తేమకు, క్షారానికి త్వరగా విరిగిపోతాయి. ఒంట్లో కూడా ఎక్కువ రోజులు నిలవవు. పాతవాటికన్నా నయమని వీటికి ఆదరణ వచ్చింది అందుకే. అయితే నిలవ తక్కువైనా కాటు ఎక్కువ. క్లోరిన్ మందు ఏళ్ల మీద చేసే చెరుపును ఇది గంటల్లో చేస్తుంది.

ఈ జాతి మందులను 1930, 40 దశకాలలో జర్మనీలో గెరార్డ్ ష్రేడర్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం విరివిగా తయారు చేసింది. పురుగులను చంపే మందు కోసం వెదుకుతూ 1936లో ఆయన కనుగొన్న టాబున్ అనే పదార్థం యుద్ధపు విషవాయువుగా మారింది. ఆయనదే మరొకటి పారాథియాన్. మన రైతులు దానిని ఫాలిడాల్ అనే పేరుతో ఎరుగుదురు. అంటే సైన్యాలు దాచిపెట్టే విషవాయువూ, మన అటక మీది సీసాలోని మందూ దాయాదులే. బలంలో తేడా ఉన్నది గాని పని చేసే తీరు ఒకటే.

మన ప్రాంతంలో వాడినవీ, వాడుతున్నవీ చెప్పాలంటే మోనోక్రోటోఫాస్, క్వినాల్‌ఫాస్, క్లోర్‌పైరిఫాస్, డైమిథోయేట్, ఎసిఫేట్, ప్రొఫెనోఫాస్, మలాథియాన్, గుళికల మందు ఫోరేట్, ఈగలకు కొట్టిన డైక్లోర్వాస్ ఈ జాతివే. రోగార్, ఎకాలక్స్, థిమెట్, నువాన్ అనే అమ్మకపు పేర్లతో ఇవి అందరికీ తెలిసినవే. వీటిలో కొన్నింటికి ఇప్పుడు చట్టప్రకారం చోటు లేదు. 2018 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వుతో మిథైల్ పారాథియాన్ వెంటనే, ఫోరేట్, డైక్లోర్వాస్, ఫాస్ఫామిడాన్, ట్రయజోఫాస్ 2020 డిసెంబరు 31 నుంచి నిషేధింపబడ్డాయి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని 2005లోనే ఉత్తర్వు ఉన్నది. 36 శాతం ద్రవరూప మందును పూర్తిగా నిలిపివేస్తూ 2023లో మరొక ఉత్తర్వు వచ్చింది. నిమ్మజాతి తోటలకు క్లోర్‌పైరిఫాస్ వాడరాదని కూడా అదే ఉత్తర్వులో ఉన్నది. అయితే అటక మీది పాత సీసాకు గెజిట్ చదవడం రాదు. నాలుగేళ్ల కిందట మిగిలిన గుళికల సంచి ఇప్పటికీ కొట్టంలో ఉన్న ఇళ్లు లేకపోలేదు. ఈ వ్యాసం చదివిన వెంటనే ఒకసారి అటక, కొట్టం మూలలు వెదికి చూడండి.

కొత్త సీసా కొనేటప్పుడు దానిమీది చదరపు గుర్తులో కింది త్రికోణపు రంగు చూడాలి. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు దాని తరువాతది, నీలం ఇంకా తక్కువ, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. ఈ గుర్తులు 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద 1971లో వచ్చిన నిబంధనల ప్రకారం వేసేవి. ఆకుపచ్చ అంటే తాగవచ్చునని కాదు, ఎరుపుకన్నా తక్కువ విషమని మాత్రమే. అక్షరం రానివారు కూడా రంగు గుర్తుపట్టగలరు కనుక ఇంట్లో అందరికీ ఇది నేర్పి ఉంచాలి.

ఒంట్లో ఏం జరుగుతుంది?

నరం నుంచి కండరానికి కబురు అందడం మడికి నీరు పెట్టడం వంటిది. నరం చివర అసిటైల్ కోలిన్ అనే పదార్థం ఊరి మడవ తెరుస్తుంది, కండరం కదులుతుంది. పని కాగానే కోలినెస్టరేజ్ అనే ఎంజైము వచ్చి ఆ పదార్థాన్ని విరగగొట్టి మడవ కట్టివేస్తుంది. ఆర్గానోఫాస్ఫరస్ మందు చేసే పనల్లా ఈ మడవ కట్టే మనిషి చేతులు కట్టివేయడమే. ఇక నీరు ఆగదు. మడి నిండి గట్లు తెగినట్లు ఒంట్లోని గ్రంథులన్నీ ఊరుతాయి, కండరాలన్నీ అదురుతాయి, చివరకు అలసి చచ్చుబడతాయి. ఊపిరి పీల్చే కండరాలు కూడా కండరాలే గదా. మరణం వచ్చేది చాలావరకు ఆ దారినే.

దీనిని బట్టి లక్షణాలను సులువుగా గుర్తు పెట్టుకోవచ్చు. మనిషికి మొదట తలనొప్పి, వికారం, చూపు మసకబారడం, విపరీతమైన చెమట. తరువాత నోట చొంగ, కళ్ల నీరు, వాంతి, విరేచనం, ఆపుకోలేని మూత్రం, కంటిపాప సూదిమొనంత చిన్నది కావడం, రొమ్ములో కఫం గురగురలాడడం, కండరాలు అదరడం. ఎండలో మందు కొట్టి వచ్చినవాడు తలనొప్పి అంటే 'వడదెబ్బ' అని మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టడం మన ఊళ్లలో మామూలు. వడదెబ్బకు నోరు ఎండుతుంది. ఈ మందుకు నోరు ఊరుతుంది. ఈ ఒక్క తేడా గుర్తున్నా మేలు.

ఆవుకు నోటినుండి తీగలు తీగలుగా చొంగ కారుతుంది. కళ్ల నీరు, మాటిమాటికీ పలుచని పేడ, పళ్లు నూరడం, ఒళ్లు వణకడం, కాళ్లు కర్రల్లా బిగుసుకుని నడవడం, కడుపు ఉబ్బరం, నోరు తెరిచి ఎగశ్వాస పీల్చడం కనిపిస్తాయి. మేతతో లోపలికి పోతే నిమిషాల నుంచి కొన్ని గంటలలో, చర్మం మీదుగా పోతే ఇంకా ఆలస్యంగా ఇవి బయటపడతాయి. లేత జొన్న మేసినప్పుడు వచ్చే సయనైడ్ విషం, యూరియా నాకినప్పుడు వచ్చే విషం కూడా పైకి కొంత ఇలాగే ఉంటాయి గాని వాటి చికిత్సలు వేరు. కనుక పశువైద్యునికి 'ఏదో తిన్నది' అని చెప్పక, ఏ చేనిలో మేసింది, ఆ చేనికి ఏ మందు ఎప్పుడు కొట్టారు, పిడుదులకు ఏమైనా పూశారా అన్నది సరిగా చెప్పాలి. పక్క చేనిలో పడి మేసిందని తగవు వస్తుందన్న భయంతో దాచిపెడితే ఆవు దక్కదు.

పశువుకు విషం చేరే దారులు

అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదం మన చేత్తో మనం చేసేదే: పిడుదులకు, గోమార్లకు పైరు మందు పూయడం. వర్షాకాలం రాగానే జెర్సీ ఆవుల చెవుల వెనుక, పొదుగు చుట్టూ పిడుదులు పడతాయి. పశువుల మందు కొనాలంటే ఊరు దాటి పోవాలి. పైరు మందు మిగిలింది ఇంట్లోనే ఉంది. రెండు మూతలు బక్కెట్టు నీళ్లలో కలిపి గుడ్డతో రుద్దేస్తారు. పైరు మందును నూనెవంటి ద్రావకంలో కరిగించి తయారు చేస్తారు. అది చర్మంలోకి సులువుగా దిగుతుంది. పొదుగు వద్ద, చంకల్లో చర్మం పలుచన కనుక ఇంకా వేగంగా దిగుతుంది. ఆపైన ఆవు తన ఒళ్లు తానే నాకుతుంది. దూడ వచ్చి అదే పొదుగు చీకుతుంది. పిడుదులకు డెల్టామెత్రిన్, అమిట్రాజ్ వంటివి పశువుల కోసమే తయారైనవి ఉన్నాయి. వాటిని కూడా సీసా మీది కొలత ప్రకారం కలిపి, గాలి ఆడేచోట, పాలు పితికిన తరువాత వాడి, ఒళ్లు ఆరేవరకు నాకకుండా మూతికి చిక్కం కట్టాలి. పుండ్లు ఉన్నచోట పూయరాదు. పిడుదులు గుడ్లు పెట్టేది కొట్టం గోడల పగుళ్లలో కనుక ఆ పగుళ్లు మెత్తి, సున్నం వేయకుండా ఆవు ఒంటికి ఎంత మందు పూసినా ఖర్చే మిగులుతుంది.

రెండవ దారి మేత. ఈ జాతి మందులలో రెండు తీరులున్నాయి. మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ వంటివి చాలావరకు ఆకు మీదనే ఉంటాయి. మోనోక్రోటోఫాస్, డైమిథోయేట్, ఎసిఫేట్, ఫోరేట్ వంటివి మొక్క రసంలోకి పోయి ఆకు లోపలే తిరుగుతాయి. వీటిని ఎంత కడిగినా పోవు. రోజులు గడిచి మొక్క తానే విరగగొట్టుకోవాలి. వేరు పురుగుకని చెరకుకో వేరుశనగకో గుళికలు వేసినప్పుడు విషం వేరు నుంచి ఆకుకు ఎక్కుతుంది. ఆ చేనిలో తీసిన కలుపును, చెరకు ఆకును తట్టకెత్తి ఆవు ముందు వేస్తే, గుళిక కంటికి కనిపించకపోయినా విషం ఆకులోనే ఉంటుంది.

మన వైపు మేతల్లో వేరుశనగ కట్టెకు ఉన్న విలువ అందరికీ తెలుసు. కోతకు ముందు ఆకుమచ్చకో, పొగాకు లద్దె పురుగుకో చివరిగా కొట్టిన మందు ఏది, ఎన్ని రోజులైంది అన్నది లెక్క చూసుకోకుండా ఆ కట్టెను పచ్చిగా మేపకూడదు. సీసాతోపాటు వచ్చే కాగితంలో కోతకు ముందు ఎన్నాళ్లు ఆగాలో ఉంటుంది. ఆ లెక్క గింజకు చెప్పినది. మేత సంగతి అందులో లేకపోతే ఆ పైరును పచ్చిమేతగా వాడకపోవడమే సరి. విత్తనశుద్ధి చేసిన వేరుశనగ విత్తనాలు మిగిలితే 'పప్పు గదా, పారవేయడమెందుకు' అని దాణాలో కలిపేవారున్నారు. మందు పట్టిన విత్తనం పశువుకు గాని, కోడికి గాని, మనిషికి గాని పనికిరాదు. పూడ్చివేయవలసిందే.

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు వైపు టమాటా సంగతి వేరే చెప్పాలి. ధర పడిపోయినప్పుడు కోత కూలి కూడా రాదని కాయలను చేనిలోనే వదిలి పశువులను తోలడం, లేదా మార్కెట్టులో దిగబోసిన కాయలను బండికెత్తి తెచ్చి మేపడం ప్రతి ఏడూ చూస్తున్నదే. టమాటాకు మందు కొట్టడం వారానికి ఒకటి రెండుసార్లు కూడా ఉంటుంది. సొంత చేనైతే ఎప్పుడు కొట్టారో తెలుసు. మార్కెట్టులో దిగబోసిన కాయ ఎవరి చేనిదో, ముందురోజు దానికి ఏం కొట్టారో ఎవరు చెప్పగలరు? అట్టి కాయలు పశువులకు పెట్టకపోవడమే క్షేమం.

మూడవది నీరు, పాత్రలు. మందు డబ్బాను బోరు తొట్టి దగ్గర, కాలువ మొగదల కడుగుతారు. సాయంత్రం ఆవులు ఆ నీళ్లే తాగుతాయి. డబ్బా కడిగిన నీటిని మందు కొట్టిన చేనిలోనే చల్లాలి. కొలతకు మూత పోయిందని పాలచెంబుతోనో, సంఘంలో పాలు కొలిచే కొలతతోనో మందు కొలవడం, పాత పాల క్యానులో మందు కలపడం ఏ కారణం చేతనూ కూడదు. మందుకు ఒక బక్కెట్టు, ఒక కొలత, కలపడానికి ఒక కర్ర వేరుగా పెట్టి ఎర్రరంగు పూయండి. దాని ఖర్చు ఒక పూట పాల డబ్బుకు మించదు.

నాలుగవది రవాణా. 1958లో కేరళలో 100 మందికి పైగా చనిపోయారు. ఓడలో గోధుమపిండితోపాటు ఫాలిడాల్ మందును కూడా ఎక్కించారు. మందు కారి పిండికి అంటింది. ఆ పిండితో చేసినవి తిన్నవారు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దేశంలో పురుగుమందులకు చట్టం కావాలన్న ఆలోచన బలపడింది ఆ ఘటన తరువాతనే. మన సంఘ కార్యదర్శులు, సభ్యులు టౌను నుంచి దాణా బస్తాలు తెచ్చే ఆటోలోనే మందు సీసాలు కూడా తెస్తుంటారు. ఆ ఓడకూ ఈ ఆటోకూ పరిమాణంలోనే తేడా.

మందు కొట్టేవారికి

మందు నోట్లో పోతేనే ప్రమాదమని చాలామంది నమ్మకం. పొలంలో పనిచేసేవారికి ఎక్కువగా విషం ఎక్కేది చర్మం మీదుగా. డబ్బా మూత దగ్గర కారి వీపు తడుస్తుంది. చెమట పట్టిన ఒంటికి అది ఇంకా త్వరగా దిగుతుంది. చంకలు, గజ్జలు, మెడ, నుదురు అరచేతికన్నా ఎంతో ఎక్కువగా పీల్చుకుంటాయి. చొక్కా విప్పి పంచె ఎగగట్టి కొట్టడం మనకు సౌకర్యంగా ఉంటుంది, విషానికి కూడా సౌకర్యంగానే ఉంటుంది.

మామిడి తోటల్లో ఈ ప్రమాదం రెట్టింపు. పూతమీద తేనెమంచు పురుగుకు మందు పైకి కొట్టాలి. కొట్టినదంతా తుంపరగా మన ముఖం మీదకే దిగుతుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా మరణించారు. పత్తి మనిషి ఎత్తు పెరగడం, రకరకాల మందులు కలిపి కొట్టడం, ముఖానికి రక్షణ లేకపోవడం కారణాలుగా చెప్పారు. తోటలో పనిచేసే కూలీలకు నిండు చేతుల చొక్కా, టోపీ, కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు ఇవ్వడం తోట యజమాని బాధ్యత. చెట్ల కింద మేకలు, ఆవులు మేస్తుండగా కొట్టరాదు. ఆ గడ్డిని తరువాత కోయరాదు.

గాలికి ఎదురుగా నిలబడి కొట్టవద్దు. నాజిల్‌లో నలుసు అడ్డుపడితే నోటితో ఊదవద్దు, సన్నటి పుల్లతో తీయాలి. చేత్తో మందు కలపవద్దు. మధ్యలో బీడీ, వక్కాకు వద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు ఈ పనికి దగ్గరకు కూడా రాకూడదు. మందు కొట్టిన రోజున కొట్టినవారు పాలు పితకకుండా ఇంట్లో మరొకరు పితకడం అన్నిటికన్నా మంచిది. అది కుదరకపోతే సబ్బుతో తల నుంచి కాలి వరకు స్నానం చేసి, బట్టలు మార్చి, గోళ్లు రుద్దుకుని ఆ తరువాతే కొట్టంలోకి పోవాలి. ఆ బట్టలను ఇంటిల్లిపాది బట్టలతో కలిపి ఉతకవద్దు. ఉతికేది సాధారణంగా ఇంటి ఆడవారు. పొలానికి పోనివారికి విషం ఎక్కే దారి అదే.

అసలు ఎంత తక్కువసార్లు కొడితే అంత మేలని వేరే చెప్పనక్కరలేదు. వేరుశనగలో అక్కడక్కడ ఆముదం మొక్కలు వేస్తే పొగాకు లద్దె పురుగు వాటిమీద గుడ్లు పెడుతుంది. ఆ ఆకులు తుంచి నాశనం చేయవచ్చు. తొలకరి వానలకు ఎర్ర గొంగళి పురుగు రెక్కల పురుగులుగా లేచినప్పుడు దీపపు ఎరలు, మంటలు ఊరంతా కలిసి పెడితే పని జరుగుతుంది, ఒక్కరు పెడితే జరగదు. 5 కిలోల వేపగింజల పొడిని రాత్రి నానబెట్టి వడగట్టి 100 లీటర్ల నీటిలో కలిపి కొట్టే కషాయం పురుగు చిన్నదిగా ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది.

తాళం వేసిన పెట్టె

2013 జూలైలో బీహారులోని ఛప్రా దగ్గర బడి మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. మందు ఉన్న డబ్బాలో నూనె పోస్తే ఏమవుతుందో ఇంతకన్నా చెప్పనక్కరలేదు. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీటిని మందు డబ్బాలోనే పోసి చేనికి కొట్టి, డబ్బాకు బొక్కలు పొడిచి నీటి వనరులకు దూరంగా పూడ్చాలి. కిరసనాయిలుకో నీటికో పనికి వస్తుందని ఇంటికి తీసుకురాకూడదు.

తాళం గురించి ఇంకొక మాట. వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందుల విషంతో చేరినవారు 8,040 మంది. వారిలో నూటికి 22 మందికి పైగా బ్రతకలేదు. 2002లో చేరినవారి వివరాలు చూస్తే మూడింట రెండువంతులు 30 ఏళ్ల లోపువారు, దాదాపు అందరూ తామై తాగినవారే. ఒక క్షణపు కోపంలో, దుఃఖంలో చేతికి అందినది సీసా. ఆ క్షణం దాటితే మనసు మారి బ్రతికేవారు ఎందరో. అందుచేత మందును ఇంట్లో కాక పొలం వద్ద షెడ్డులో, తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. తాళంచెవి పెద్దవారి దగ్గర ఉండాలి. కావలసినంతే కొనాలి. ఇంట్లో ఎవరైనా దిగులుగా ఉంటే ఆ మాట అడగడానికి మొహమాట పడకండి.

పాల మాట

విషం సోకిన ఆవు పాలు సంఘంలో పోయరాదు, ఇంట్లో తాగరాదు, దూడకు విడవరాదు. ఎన్నాళ్లు అన్నది ఏ మందు, ఎంత సోకింది అన్నదాన్ని బట్టి పశువైద్యుడు చెప్పాలి. సంఘంలో మనం చూసేది వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. లాక్టోమీటరు గాని, ఫ్యాట్ మిషను గాని పురుగుమందును పట్టుకోలేవు. టెస్టరుకు తెలియకుండా పోసిన అయిదు లీటర్లు బల్క్ కూలరులో వేల లీటర్లతో కలిసిపోతాయి. ఆ తరువాత ఎవరూ వేరు చేయలేరు.

ఇక్కడ పాలకవర్గాలు ఆలోచించవలసినది ఒకటుంది. నిజం చెప్పి వారం రోజులు పాలు ఆపుకున్న సభ్యుడికి బోనసు లెక్కలో రోజులు తగ్గిపోయి నష్టం వచ్చే పద్ధతి ఉంటే, మరుసటిసారి ఎవరూ నిజం చెప్పరు. పశువైద్యుని చీటీ తెచ్చిన సభ్యుడి రోజులను పోసిన రోజులుగానే లెక్కించాలని తీర్మానం చేసుకోవడం న్యాయం, సంఘానికి లాభం కూడా.

విషం సోకితే మొదటి గంట

మనిషికైతే వెంటనే 108కి ఫోను చేయాలి. ఈలోగా మందు అంటిన బట్టలు విప్పి, సబ్బు, నీళ్లతో ఒళ్లు, జుట్టు, గోళ్లు బాగా కడగాలి. కడిగేవారు చేతులకు ప్లాస్టిక్ సంచులైనా తొడుక్కోవాలి. స్పృహ తప్పితే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఉప్పునీళ్లు, కుంకుడు రసం, పేడనీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. మందులోని నూనెవంటి ద్రావకం వాంతితో ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికి మరింత ముప్పు. పాలు తాగించడం కూడా వద్దు. పాల సంఘం పత్రికలో ఈ మాట వింతగా తోచవచ్చు గాని, పాలు ఈ విషానికి విరుగుడు కావు.

సీసాను, లేక కనీసం దాని మీది కాగితాన్ని ఆసుపత్రికి తప్పక తీసుకుపోవాలి. వైద్యులు ఇచ్చే విరుగుడు అట్రోపిన్. అవసరాన్ని బట్టి ప్రాలిడాక్సిమ్. ఊపిరికి యంత్రం కావలసి రావచ్చు కనుక తిరుపతి రుయా ఆసుపత్రి, చిత్తూరు జిల్లా ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రులకే పోవడం మంచిది. విషాల గురించి సలహాకు ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో అందుబాటులో ఉంటుంది. రెండవరోజు రోగి లేచి కూర్చోగానే ఇంటికి తీసుకుపోతామని పట్టుబట్టవద్దు. 24 నుంచి 96 గంటల మధ్య మెడ కండరాలు సడలి, ఊపిరి మళ్లీ ఆగే స్థితి కొందరిలో వస్తుంది. 'తల నిలపలేకపోతున్నా' అన్న మాట వినపడితే వెంటనే వైద్యునికి చెప్పాలి.

ఆవుకైతే 1962కి ఫోను చేయాలి, లేదా దగ్గరి పశువైద్యశాలకు కబురు పంపాలి. ముందుగా విషపు మేత నుంచి తప్పించి నీడకు తేవాలి. ఒంటికి పూసినదైతే సబ్బునీళ్లతో పుష్కలంగా కడగాలి. ఉబ్బరానికని నూనె పట్టించడం, గొట్టంతో కషాయాలు పోయడం చేయవద్దు. మింగే శక్తి తగ్గిన ఆవుకు అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పశువుకు కూడా విరుగుడు అట్రోపినే. కాని లెక్క చూడండి: కిలో బరువుకు పావు మిల్లీగ్రాము చొప్పున వేసినా 300 కిలోల ఆవుకు 75 మిల్లీగ్రాములు కావాలి. మనుషులకు వాడే చిన్న ఆంప్యూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాము. అంటే 125 ఆంప్యూళ్లు, అదీ ఒక విడతకు. అర్ధరాత్రి మందుల షాపు తలుపు తట్టి తెచ్చే సరుకు కాదు ఇది. మందులు ఎక్కువగా కొట్టే కాలం రాకముందే సంఘ కార్యదర్శి పశువైద్యశాలకు వెళ్లి అట్రోపిన్ నిల్వ ఎంత ఉన్నదో అడిగి, చాలకపోతే తెప్పించమని కోరాలి. తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి ఆవును తరలించవలసి వస్తే వాహనం ఎవరిదో కూడా ముందే మాట్లాడి ఉంచుకోవాలి. ఈ ఇంజెక్షనును ఎవరికివారు వేయరాదు. మోతాదు మించితే నెమరు ఆగి కడుపు మరింత ఉబ్బుతుంది.

ప్రయత్నించినా ఆవు దక్కకపోతే కళేబరాన్ని ఎవరికీ అమ్మవద్దు, కుక్కలకు అందేటట్లు పారవేయవద్దు. బీమా ఉన్న ఆవైతే చెవి పోగు తీయకుండా బీమావారికి, పశువైద్యునికి తెలిపి, శవపరీక్ష అయిన తరువాతే లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. ఏ మందు వల్ల పోయిందో తేల్చడానికి పశువైద్యుడు కడుపులోని మేతను నమూనాగా తీస్తారు. మిగిలిన మేతను, మందు సీసాను కూడా అప్పటివరకు కదల్చకుండా ఉంచాలి.